చెవిలో మాటలు ఆగాయి, చదువు మాత్రం తలకెక్కడం లేదు

బంగారుపాళ్యం నుంచి రాసిన తండ్రిగారికి,

చదివే మిగతావారికి కూడా తెలియాలి కాబట్టి మీ ఉత్తరాన్ని కుదించి చెబుతాను. మీ పెద్దబ్బాయి తిరుపతిలో ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో ఉండగా, హాస్టల్ గదిలో ఎవరో తనను తిడుతున్నట్టు మాటలు వినిపించడం మొదలైంది. తోటి విద్యార్థులు తన ఫోను మీద నిఘా పెట్టారని నమ్మాడు. గాలి సోకిందేమోనని మొదట గుళ్లకు తిప్పారు, తాయెత్తు కట్టించారు, కొన్ని నెలల తర్వాత సైకియాట్రిస్టుకు చూపించారు. మందులతో మాటలు ఆగిపోయాయి, అనుమానం పోయింది. కానీ ఇప్పుడు పుస్తకం పట్టుకుంటే పేజీ దాటడు. చెప్పిన పని సగంలో మరిచిపోతాడు. ఏదైనా అడిగితే జవాబు ఆలస్యంగా వస్తుంది. 'అదంతా మాత్రల మత్తే, ఆపేయండి' అని బంధువులు అంటున్నారు. ఆపవచ్చా, ఆలస్యంగా చూపించినందువల్ల మెదడు పాడైందా, ఫోనులో మెదడుకు పదును పెట్టే ఆటలు పనిచేస్తాయా, ఇంటర్ చదివే చిన్నవాడికి ముందుగానే పరీక్షలు చేయించాలా అని అడిగారు.

నేను తిరుపతిలో చాలాకాలంగా క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. మందులు రాయను. జ్ఞాపకశక్తి, ఏకాగ్రత కొలిచే పరీక్షలు పెట్టడం, జబ్బు చేసిన పిల్లలను మళ్లీ చదువులోనో పనిలోనో నిలదొక్కుకునేలా చేయడం నా పని. కాబట్టి మందుల గురించి నేను చెప్పేది మీ డాక్టరుతో మాట్లాడటానికి పనికొస్తుంది, డాక్టరుకు బదులుగా కాదు.

మందు ఆపకండి. ఎందుకో చెబుతాను.

మీ అబ్బాయిలో మీరు చూస్తున్న మందకొడితనం చాలావరకు జబ్బులోనే ఉంది. పైగా అది మాటలు వినిపించడానికి ముందే మొదలైంది. మీ ఉత్తరంలోనే దానికి సాక్ష్యం ఉంది చూడండి. పదో తరగతిలో స్కూలు మొత్తానికి పేరు తెచ్చిన పిల్లవాడు ఇంటర్ రెండో ఏడాదిలో ఎందుకో వెనకబడ్డాడనీ, ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలోనే బ్యాక్‌లాగ్‌లు మిగిలాయనీ రాశారు. అప్పటికి ఒక్క మాత్ర కూడా మింగలేదు. హాస్టల్ తిరుగుళ్లు, ఫోను పిచ్చి అని సరిపెట్టుకున్నారు. దాదాపు ప్రతి ఇంట్లోనూ అలాగే సరిపెట్టుకుంటారు, అందులో మీ తప్పేమీ లేదు.

ఈ సంగతి బాగా తేల్చిన అధ్యయనం ఒకటి న్యూజిలాండ్‌లో జరిగింది. డునెడిన్ అనే ఊళ్లో 1972–73లో పుట్టిన 1,037 మంది పిల్లలను చిన్నప్పటి నుంచి క్రమం తప్పకుండా పరీక్షిస్తూ వచ్చారు. పెద్దయ్యాక వాళ్లలో స్కిజోఫ్రీనియా (లేని మాటలు వినిపించడం, అనుమానాలతో పాటు ఆలోచన కూడా మందగించే జబ్బు) వచ్చినవారి చిన్ననాటి ఫలితాలను వెనక్కి వెళ్లి పరిశీలించి 2010లో ప్రచురించారు. ఏడేళ్ల వయసుకే మాటలతోనూ ఆకారాలతోనూ ఆలోచించాల్సిన కొన్ని పరీక్షల్లో వాళ్లు తోటివారికంటే వెనక ఉన్నారు. పని వేగం, ఒక విషయాన్ని మనసులో పట్టుకుని దానితో లెక్క కట్టగలగడం లాంటివి ఏడు నుంచి పదమూడేళ్ల మధ్య అందరికంటే నెమ్మదిగా పెరిగాయి. అంటే ఉన్నది పోలేదు, పెరగాల్సినంత పెరగలేదు. ఇది సగటు లెక్క, మీ అబ్బాయి బాల్యం ఇలాగే ఉండాలని లేదు. పదో తరగతి వరకు చురుగ్గా ఉండి, ఆ తర్వాత రెండు మూడేళ్లలో జారినవారిని నేనే చాలామందిని చూశాను.

లేని మాటలు వినిపించడం, లేనిది ఉందని గట్టిగా నమ్మడం లాంటి స్థితిని సైకోసిస్ అంటారు. అది మొదటిసారి వచ్చినవారి మీద వేర్వేరు దేశాల్లో జరిగిన 47 అధ్యయనాలను కలిపి 2009లో లెక్క కట్టారు. అందులో 2,204 మంది రోగులు ఉన్నారు. అన్నిటికంటే ఎక్కువ లోటు కనిపించింది విన్నదాన్ని గుర్తుపెట్టుకోవడంలో. ఆ తర్వాత పని వేగంలో. చదువుకునే పిల్లవాడికి ఈ రెండూ ఎంత అవసరమో వేరే చెప్పాలా? లెక్చరర్ చెప్పింది వినాలి, బోర్డు మీదిది చెరిపేలోగా రాసుకోవాలి, రాస్తూనే తర్వాతి మాట వినాలి.

నా గదిలో ఇది ఎలా కనిపిస్తుందో చెబుతాను. పన్నెండు మాటలు ఒక్కొక్కటిగా చదువుతాను, విన్నాక గుర్తున్నన్ని ఏ వరుసలోనైనా చెప్పమంటాను. అదే జాబితా మూడుసార్లు. అందులో నాలుగు కూరగాయలు, నాలుగు వాహనాలు, నాలుగు ఇంటి సామాన్లు కలిపి చెదరగొట్టి ఉంటాయి. మామూలుగా డిగ్రీ చదివే పిల్లలు రెండోసారికే 'ఓహో, ఇందులో కూరగాయలు ఉన్నాయి' అని పసిగట్టి వాటిని ఒకచోట చేర్చుకుని చెబుతారు. మూడోసారికి పదో పదకొండో వచ్చేస్తాయి. బి.కాం. చదువుతున్న ఒక అమ్మాయి వచ్చింది, మీ అబ్బాయి పరిస్థితే. మొదటిసారి అయిదు చెప్పింది, రెండోసారి అయిదు, మూడోసారి ఆరు. ప్రతిసారీ విన్న వరుసలోనే మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయింది. మాటలు విడివిడిగా వచ్చి విడివిడిగానే జారిపోతున్నాయి. తర్వాత ఇంకో కొత్త జాబితా తీసుకుని, 'ఇందులో మూడు రకాలున్నాయి, రకాల వారీగా పెట్టుకో' అని ముందే చెప్పాను. ఈసారి తొమ్మిది వచ్చాయి. ఆ అమ్మాయే ఆశ్చర్యపోయింది. దాచుకునే చోటు ఉంది, దాచుకునే పద్ధతి తనంతట తాను దొరకడం లేదు. ఈ జబ్బులో జ్ఞాపకశక్తి గురించి ఒక్కటే మాట చెప్పమంటే నేను ఇదే చెబుతాను. చికిత్స కూడా ఇక్కడి నుంచే మొదలవుతుంది. దాని దగ్గరకు మళ్లీ వస్తాను.

ఇంకో సరదా పరీక్ష ఉంది, పూసలది. రెండు డబ్బాలు. ఒకదానిలో 85 ఎర్రవి, 15 నల్లవి. రెండోదానిలో తారుమారుగా 15 ఎర్రవి, 85 నల్లవి. ఏ డబ్బా అనేది చూపించకుండా ఒక్కో పూస తీసి చూపిస్తారు. ఇది ఏ డబ్బానో నమ్మకం కుదిరినప్పుడు చెప్పాలి, ఎన్ని పూసలైనా అడగవచ్చు. అనుమానాల జబ్బున్నవారిలో చాలామంది ఒకటి రెండు పూసలకే తేల్చేస్తారని 1988లో లండన్ పరిశోధకులు గమనించారు. ఆ తర్వాత ఎన్నో చోట్ల అదే ఫలితం వచ్చింది. హాస్టల్ మెస్‌లో ఇద్దరు నవ్వుకుంటే 'నా గురించే' అని మీ అబ్బాయి ఎలా నిర్ణయించుకున్నాడో దీంతో కొంత అర్థమవుతుంది. ఆ నవ్వు తొలి పూస. తర్వాతి పూసలు అడగలేదు.

ఇక మాత్రల సంగతి. వాటి వాటా అసలు లేదని నేను అనడం లేదు. ఉన్నచోట దాన్ని పట్టుకోవాలి, సరిచేయాలి. మీరు రాసిన మందుల్లో రెండు పూటలా ట్రైహెక్సిఫెనిడిల్ ఉంది. అది జబ్బుకు మందు కాదు. అసలు మందువల్ల చేతులు వణకడం, ఒళ్లు బిగుసుకుపోవడం లాంటివి వస్తే తగ్గించడానికి ఇచ్చేది. మన దగ్గర దాన్ని అసలు మాత్రకు తోడుగా మొదటి రోజు నుంచే రాసే అలవాటు ఉంది. అవసరం తీరాక తీసేయడం గుర్తుండదు. అది కొత్త విషయాలను గుర్తుపెట్టుకునే శక్తిని తగ్గించే రకం మందు. నోరు ఎండుకుపోవడం, మలబద్ధకం, దగ్గరి అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపించడం దాని గుర్తులు. 'చదవలేకపోతున్నాను' అనే పిల్లవాడిని 'అక్షరాలు సరిగ్గా కనబడుతున్నాయా' అని ఎవరూ అడగరు! మీరు అడగండి. కనబడటం లేదంటే డాక్టరుకు చెప్పండి. అది ఇంకా అవసరమా, తగ్గించవచ్చా అన్నది ఆయన చూస్తారు. దాన్ని కూడా ఒక్కసారిగా మానేయకూడదు, మెల్లగానే దిగాలి.

అలాగే కూర్చున్నచోట కూర్చోలేక కాళ్లు ఆడిస్తూ, లేచి గదిలో అటూ ఇటూ తిరుగుతుంటే దాన్ని ఏకాగ్రత లేకపోవడం అనుకోకండి. అసలు మందు ఎక్కువైనప్పుడు వచ్చే ఒక రకమైన కాలు నిలవని బాధ అది, దానికి వేరే మార్గాలున్నాయి. పగలంతా మగతగా ఉంటే మోతాదు వేళ మార్చవచ్చేమో అడగండి. థైరాయిడ్, బి12, చక్కెర, బరువు కూడా ఒకసారి చూపించండి. గంజాయి అలవాటు ఉందా అని కూడా సూటిగా, కేకలు వేయకుండా అడగాలి. ఉంటే డాక్టరుకు తెలియాలి.

ఇవన్నీ సరిచేసినా కొంత మందకొడితనం మిగులుతుంది. ఆ మిగిలినది జబ్బుది. మందు ఆపితే అది పోదు, ఆగిన మాటలు మాత్రం తిరిగొస్తాయి. 1999లో ప్రచురించిన అమెరికా అధ్యయనం ఒకటి మొదటిసారి జబ్బు చేసి కోలుకున్నవారిని అయిదేళ్లు గమనించింది. వారిలో దాదాపు 82 శాతం మందికి ఆ అయిదేళ్లలో కనీసం ఒకసారి తిరగబెట్టింది. మందు ఆపినవారిలో ఆ ప్రమాదం దాదాపు అయిదు రెట్లు. ఒక్కసారి తిరగబెట్టిందంటే ఒక సెమిస్టర్ పోయినట్టే, స్నేహాలు పోయినట్టే.

దీనికి ఎదురువాదం కూడా ఉంది, దాచడం నాకు ఇష్టం లేదు. ఇంటర్నెట్‌లో వెతికే బంధువు ఎవరో ఒకరు అది మీ ముందు పెడతారు కూడా. నెదర్లాండ్స్‌లో మొదటి జబ్బు నుంచి కోలుకుని ఆరు నెలలు నిలకడగా ఉన్నవారిలో కొందరికి వైద్యుల పర్యవేక్షణలో మోతాదు తగ్గిస్తూ వెళ్లారు. ఏడేళ్ల తర్వాత చూస్తే, పూర్తిగా కోలుకుని మామూలు జీవితంలో పడ్డవారు తగ్గించిన గుంపులో 40 శాతం, కొనసాగించిన గుంపులో 18 శాతం. 2013లో వచ్చిన ఈ ఫలితం పెద్ద చర్చ రేపింది. తర్వాత బ్రిటన్‌లో, చాలాకాలంగా మందులు వాడుతున్నవారి మీద ఇలాంటి ప్రయత్నమే చేశారు. 2023లో వచ్చిన దాని ఫలితం వేరుగా ఉంది. రెండేళ్లలో ఆసుపత్రిలో చేరేంతగా తిరగబెట్టింది తగ్గించినవారిలో 25 శాతం మందికి, కొనసాగించినవారిలో 13 శాతం మందికి. రోజువారీ జీవితంలో తేడా కనిపించలేదు. నా దృష్టిలో దీని సారం ఇంతే. ఉన్నంతలో తక్కువ మోతాదు మంచిదే, అది డాక్టరు కళ్ల ముందు కొద్దికొద్దిగా తగ్గాలి. మీ మేనమామ సలహా మీద ఉగాదికి ఆపేయడం వేరే సంగతి.

ఆలస్యం గురించి. మీరు ఈ ప్రశ్న అడిగిన తీరులోనే మీకు ఎన్ని నిద్రలేని రాత్రులు గడిచాయో తెలుస్తోంది. ముందు ఒక మాట. అమెరికాలో 21 రాష్ట్రాల్లోని 34 కేంద్రాల్లో 404 మంది యువకుల మీద జరిగిన పెద్ద అధ్యయనంలో, జబ్బు మొదలైనప్పటి నుంచి సరైన వైద్యం అందేవరకు గడిచిన కాలం మధ్యస్థంగా 74 వారాలు. ఏడాదిన్నర! ఆస్తిపాస్తులు, చదువులు, బీమాలు ఉన్న దేశంలో. మీరు కొన్ని నెలల్లో వచ్చారు.

ఆలస్యానికి నష్టం లేదని కాదు. నార్వేలో ఒక ప్రాంతంలో పత్రికల్లో, రేడియోలో, బడుల్లో ఈ జబ్బు గుర్తులను ప్రచారం చేసి, ఎవరైనా నేరుగా రావచ్చని బృందాలు పెట్టారు. వైద్యం అందడానికి పట్టే కాలం అక్కడ మధ్యస్థంగా 5 వారాలకు దిగింది, ప్రచారం లేని ప్రాంతాల్లో 16 వారాలు. పదేళ్ల తర్వాత చూస్తే కోలుకున్నవారు మొదటి ప్రాంతంలో 31 శాతం, రెండో చోట 15 శాతం. కాబట్టి త్వరగా రావడం మంచిది. కానీ మీరు అడిగింది జ్ఞాపకశక్తి గురించి. ఆలస్యానికీ జ్ఞాపకశక్తి, ఏకాగ్రతల లోటుకీ ఉన్న సంబంధాన్ని వెతికిన అధ్యయనాలను 2018లో ఒకచోట చేర్చి చూస్తే, సమస్యను పథకం వేసి పరిష్కరించే పరీక్షల్లో తప్ప మిగతావాటిలో చెప్పుకోదగ్గ సంబంధం కనిపించలేదు. ఆ లోటు చాలావరకు ముందే ఉంది గనుక ఇది వింతేమీ కాదు. గుళ్లకు తిప్పిన నెలల్లో మీ అబ్బాయి తెలివి కరిగిపోలేదు. ఇకపై గుడికి వెళ్లడం మానాల్సిన పని కూడా లేదు. మాత్ర వేసుకుని వెళ్లండి.

జ్ఞాపకశక్తి ఇకముందు ఇంకా దిగజారుతుందా అన్నది మీరు అడగలేదు, మనసులో ఉండే ఉంటుంది. మొదటి జబ్బు తర్వాత కొన్నేళ్లపాటు గమనించిన అధ్యయనాలన్నీ కలిపి 2014లో చూసినప్పుడు దిగజారుడు కనిపించలేదు, కొంత మెరుగుదలే కనిపించింది. ఇరవై ఏళ్లు అలాగే వెంబడించిన కొన్ని అధ్యయనాల్లో మాత్రం వయసు పైబడేకొద్దీ తోటివారికంటే ఎక్కువ తగ్గుదల ఉంది. అందులో జబ్బు ఎంత, బరువు, బీపీ, చక్కెర, పొగతాగడం, ఇంట్లో ఖాళీగా కూర్చోవడం ఎంత అన్నది ఇంకా విడదీయలేకపోతున్నారు. మన చేతిలో ఉన్నది ఆ రెండో జాబితా.

జ్ఞాపకశక్తి పెంచడానికంటూ ఆమోదం పొందిన మందు ఈ జబ్బుకు ఇంతవరకు లేదు. ఐక్లెపర్టిన్ అనే మందు మీద పెద్ద ఆశ పెట్టుకున్నారు. 2025 జనవరిలో చివరి దశ పరీక్షల్లో అది ఫలించలేదని తయారీదారులే ప్రకటించారు. కాబట్టి ఎవరైనా టానిక్కు, లేహ్యం, 'బ్రెయిన్ పౌడర్' అంటే డబ్బు జేబులోనే ఉంచుకోండి.

పనిచేసేది ఒకటి ఉంది, కాగ్నిటివ్ రెమెడియేషన్ అంటారు. ఇందాకటి బి.కాం. అమ్మాయితో నేను చేసింది దాని బుల్లి నమూనా. వారానికి రెండు మూడుసార్లు, నెలల తరబడి, ఏకాగ్రతకూ జ్ఞాపకానికీ సంబంధించిన అభ్యాసాలు చేయిస్తూ, ప్రతిదానికీ ఒక పద్ధతి నేర్పి, ఆ పద్ధతిని అదే వారం చదువులోనో పనిలోనో వాడించడం. 130 అధ్యయనాలు, 8,851 మందిని కలిపి 2021లో చూసినప్పుడు జ్ఞాపకశక్తిలోనే కాక రోజువారీ జీవితంలోనూ లాభం కనిపించింది. పెద్ద లాభం అనను, నమ్మదగిన చిన్న లాభం. అది ఎప్పుడు ఎక్కువగా ఉందో కూడా అందులోనే తేలింది: పక్కన శిక్షణ పొందిన మనిషి ఉన్నప్పుడు, పద్ధతులు విడమరిచి నేర్పినప్పుడు, చదువు లేదా ఉద్యోగం వైపు నడిపే ఇతర సాయంతో కలిపినప్పుడు. మీ ఫోను ఆటల ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. మంచం మీద పడుకుని ఒంటరిగా ఆడితే ఆటలో మార్కులు పెరుగుతాయి, థర్మోడైనమిక్స్‌లో పెరగవు. ఏడాది చందా కట్టకండి.

చవకైనది, నాకు బాగా నచ్చినది నడక. శరీరానికి చెమట పట్టించే వ్యాయామం ఈ జబ్బున్నవారిలో జ్ఞాపకం, ఏకాగ్రత కొంత మెరుగుపరుస్తుందని 2017లో పది అధ్యయనాలను కలిపి చూపించారు. ఎవరో ఒకరి పర్యవేక్షణలో చేసినప్పుడు ఫలితం మెరుగ్గా ఉంది. అలిపిరి కాలిబాట మన ఊరికి దేవుడిచ్చిన వ్యాయామశాల. 3,550 మెట్లూ ఎక్కమని అనడం లేదు. తెల్లవారాక మొదటి కొన్ని వందల మెట్లు ఎక్కి దిగినా చాలు, వారానికి మూడు నాలుగు రోజులు. మీ ఊళ్లో అయితే తోట చుట్టూ. తమ్ముడో స్నేహితుడో వెంట ఉండాలి, లేకపోతే మూడో రోజుకు మానేస్తాడు. అది బద్ధకం వల్ల కాదు. మొదలుపెట్టే చొరవ తగ్గడం కూడా ఈ జబ్బు లక్షణమే.

చదువు గురించి నా అభిప్రాయం: మానిపించకండి, మొత్తంగా మీద వేయకండి. పెండింగులో ఉన్న సబ్జెక్టులన్నీ ఒకేసారి రాయించాలని కాలేజీ వాళ్లు అనవచ్చు. రెండుతో మొదలుపెట్టమనండి. వైద్య ధ్రువపత్రం చూపి సెలవు, హాజరు సడలింపు అడిగితే చాలా కాలేజీలు ఇస్తాయి. జబ్బు పేరు ఎంతవరకు చెప్పాలన్నది మీ అబ్బాయే నిర్ణయించుకోవాలి. క్లాసులో ముందు బెంచీ. చదివేటప్పుడు ఇరవై నిమిషాలు, మధ్యలో లేచి నాలుగు అడుగులు. చదివిన పేరాను పుస్తకం మూసి రెండు వాక్యాల్లో తన మాటల్లో రాయాలి, బయటికి చదవడం కూడా మంచిదే. జాబితాలు వస్తే రకాలుగా విడగొట్టుకోవాలి. రాత్రంతా మేలుకుని చదవడం మాత్రం పూర్తిగా నిషిద్ధం. నిద్ర చెడితే జబ్బు తలుపు తడుతుంది. ఇబ్బంది ఎక్కువ కాలం నిలిచిపోతే 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక జబ్బు కూడా ఉందని గుర్తుంచుకోండి. సదరం శిబిరంలో వైకల్యం 40 శాతం లేదా అంతకు మించి ధ్రువీకరిస్తే పరీక్షలో గంటకు 20 నిమిషాల అదనపు సమయం అడగవచ్చు. ఇప్పుడే దానికి పరుగెత్తాల్సిన పని లేదు.

ఇంట్లో మీరు మార్చుకోవాల్సింది ఒకటుంది. మామిడి కాలంలో 'తోతాపురి లోడు మండీకి తోలు, కాటా చీటీ తీసుకో, రేటు కనుక్కో, వచ్చేటప్పుడు బ్యాంకులో పాస్‌బుక్ వేయించు' అని ఒక్క ఊపులో చెప్పారనీ, కాటా చీటీ లేకుండా తిరిగొచ్చాడనీ, అందరి ముందూ తిట్టారనీ రాశారు. నాలుగు పనులు ఒకేసారి మనసులో పట్టి ఉంచడమే అతనికి ఇప్పుడు కష్టం. అవే నాలుగూ చిన్న కాగితం మీద రాసి జేబులో పెట్టండి, ఒక్కోటి అయ్యాక కొట్టేయమనండి. పని అవుతుంది. అడిగిన దానికి జవాబు రావడానికి కాస్త సమయం పడుతుంది, ఆ మౌనంలో మీరు రెండో ప్రశ్న వేయకండి. 'ఒకప్పుడు ఎలా ఉండేవాడివి' అన్న మాట మాత్రం ఇంట్లో ఎవరి నోటా రాకూడదు. ఆ తేడా మీకంటే అతనికే బాగా తెలుసు. జబ్బు నెమ్మదించి, పోయినదేమిటో లెక్క చూసుకునే ఈ తొలి ఏళ్లలోనే ఆత్మహత్య ఆలోచనలు ఎక్కువ. 'నేను ఎందుకూ పనికిరాను', 'మీకు భారం' లాంటి మాటలు వస్తే ఆ రోజే డాక్టరుకు చెప్పండి, ఒంటరిగా వదలకండి. 14416కు ఫోను చేస్తే ప్రభుత్వ సహాయవాణి టెలిమానస్ వాళ్లు ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు.

చిన్నవాడి సంగతి. అన్నకో అక్కకో స్కిజోఫ్రీనియా ఉంటే తోబుట్టువుకు వచ్చే అవకాశం నూటికి సుమారు తొమ్మిది. మామూలు జనంలో నూటికి ఒకటి. అంటే రాకపోయే అవకాశమే నూటికి తొంభై పైచిలుకు. జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టి జబ్బు వస్తుందో రాదో చెప్పగలమా? ఒక్కో మనిషి విషయంలో చెప్పలేం. ఇప్పటికే తేలికపాటి అనుమానాలు, లీలగా వినిపించే శబ్దాలు ఉండి, సాయం కోరి వచ్చిన యువకుల్లో కూడా మూడేళ్లలో పూర్తి జబ్బుగా మారేది దాదాపు నాలుగో వంతు మందికే అని 2021 నాటి లెక్క. ఏమీ లేని పిల్లవాడిని తెచ్చి నా ముందు కూర్చోబెడితే అతనికి మిగిలేది భయమే. మార్కులు కారణం లేకుండా పడిపోవడం, స్నేహితులను వదిలేయడం, రాత్రీ పగలూ తారుమారవడం, ఊరికే అనుమానించడం, ఇవన్నీ కలిసి వారాల తరబడి ఉంటే అప్పుడు తీసుకురండి. గంజాయి జోలికి వెళ్లవద్దని మాత్రం ఇప్పుడే, అన్న జబ్బు సంగతి వివరించి మరీ చెప్పండి. ఈ కుటుంబ చరిత్ర ఉన్నవాడికి అది మామూలు వ్యసనం కాదు.

మీరు ఎక్కడికో దూరదేశం తీసుకెళ్లి ఉంటే బాగుండేదని రాశారు. ఒక సంగతి వినండి. చెన్నైలో 1984లో శారదా మీనన్‌గారు స్థాపించిన స్కార్ఫ్ సంస్థ, కెనడాలో మాంట్రియల్ పరిశోధకులు కలిసి, రెండు నగరాల్లో మొదటిసారి సైకోసిస్ వచ్చిన యువకులకు ఒకే తరహా చికిత్స ఇచ్చి రెండేళ్లు చూశారు. 2020లో ప్రచురించారు. మాటలు వినిపించడం, అనుమానాలు రెండు చోట్లా ఒకేలా తగ్గాయి. చొరవ, కలివిడితనం, రోజువారీ జీవితం మాత్రం చెన్నైలో ఎక్కువగా మెరుగుపడ్డాయి. అక్కడ కుటుంబాలు చికిత్సలో ఎంతో ఎక్కువగా పాలుపంచుకోవడం దానికి ఒక కారణమని వారి ఊహ. నాకూ అలాగే తోస్తుంది. మీ ఇల్లు అక్కడికి బస్సు దూరంలోనే ఉంది.

వైద్యం ఎక్కడన్నది మీ వీలు. తిరుపతి రుయా ఆసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది, చిత్తూరు వైపు వారికి వెల్లూరు సీఎంసీ దగ్గర. ఎక్కడికి వెళ్లినా ఊరూరా డాక్టర్లను మార్చకుండా ఒకచోట స్థిరపడండి. క్లినికల్ సైకాలజిస్టుతో జ్ఞాపకశక్తి, ఏకాగ్రత పరీక్షలు చేయించమని మీరే నోరు తెరిచి అడగండి. అడగకపోతే రద్దీ ఓపీలో మాటలు ఆగాయా, నిద్ర పడుతోందా అన్న రెండు ప్రశ్నలతో చీటీ రాసి పంపేస్తారు. వచ్చేటప్పుడు పదో తరగతి, ఇంటర్, ఇంజనీరింగ్ మార్కుల జాబితాలు అన్నీ తీసుకురండి. ఎక్కడ జారడం మొదలైందో వాటిలోనే కనిపిస్తుంది. ఇప్పటివరకు వాడిన మందుల చీటీలు, ఖాళీ అట్టలు కూడా. పరీక్షకు ముందు రాత్రి బాగా నిద్రపోనివ్వండి, ఉదయం వేళ అడిగి తీసుకోండి, టిఫిను తినిపించి తీసుకురండి. అద్దాలు ఉంటే మరిచిపోకండి.